పాట ఇస్తే స్వరాలు రాసిస్తుంది!

అమ్మమ్మ పాడిన లాలిపాట పాత క్యాసెట్టులో ఉంది. మనవరాలేమో కీబోర్డు నేర్చుకుంటోంది. ఆ పాటే వాయించాలని ముచ్చట. మరి స్వరాలు రాసిచ్చేదెవరు? ఈ పని కంప్యూటరుకు అప్పగించొచ్చు. ముందు క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. ఆ రికార్డింగుని 'మిడి' స్వరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. ఇంతకీ ఏది ఎంచుకోవాలి? ఎంతవరకూ నమ్మాలి?

మిడి అంటే...
ఆడపిల్లలు వేసుకునే మిడ్డీ కాదండోయ్! 1983లో కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తయారైన భాష. ఎంపీ3లో శబ్దం ఉంటుంది. మిడిలో శబ్దమే ఉండదు. ఏ మెట్టు నొక్కాలి, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎప్పుడు వదలాలి... అంతే. స్వరాలకు 0 నుంచి 127 దాకా నంబర్లుంటాయి. అందుకే వేగం తగ్గించినా, శ్రుతి మార్చినా, వీణకు బదులు వేణువు పెట్టినా ఇట్టే కుదిరిపోతుంది.

చిక్కెక్కడంటే...
తీగ మీటితే ఒక్క స్వరమే పలుకుతుందనుకుంటాం. కానీ సెకనుకు 440 సార్లు కంపించే స్వరంలోనే 880, 1320 కంపనాలూ కలిసి ఉంటాయి. ఇవి వేరే స్వరాలా, ఆ ఒక్కదాని నీడలా? తేల్చుకోవడమే సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష. ఒక్క గొంతైతే గట్టెక్కేస్తుంది. వయొలిన్, తబలా, కోరస్ అన్నీ కలిశాయా... తికమకే!

ఏది ఎవరికి?
డబ్బు ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే స్పాటిఫై సంస్థ 2022లో ఉచితంగా ఇచ్చిన 'బేసిక్ పిచ్' చాలు. బ్రౌజర్లోనే పనిచేస్తుంది. ఒకసారికి ఒకే వాద్యమో, ఒకే గొంతో ఉంటే మంచి ఫలితమిస్తుంది. సొంతంగా ట్యూన్లు కట్టేవారికి 'ఏబుల్టన్ లైవ్' ఉంది. 2013లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి రాగం, హార్మనీ, డ్రమ్స్‌ని వేర్వేరుగా మార్చుకునే వీలుంది. కలిసి మోగే స్వరాలను ఒక్కొక్కటిగా విడదీసి సరిదిద్దుకోవాలంటే 'మెలొడైన్'. ఈ రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవే. సినిమా పాటైతే ముందు 'డెముక్స్' లాంటి దాంతో గొంతును వాద్యాల నుంచి వేరుచేసి, ఆ గొంతునే మార్చుకోవడం మేలు.

కొనేముందు మీ పాటలోంచి 20 సెకన్ల ముక్కను ట్రయల్ వెర్షన్‌కు ఇచ్చి చూడండి. లేని స్వరాలు దూరాయా? స్థాయి మారిందా? తప్పులు దిద్దుకోవడం తేలిగ్గా ఉందా? ఈ మూడూ చూస్తే చాలు.

గమకం దొరుకుతుందా?
తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది. మిడి నంబర్లేమో స్థాయికి 12 మెట్లే. అందుకే ఆ ఊపును సాఫ్ట్‌వేర్ రెండు మూడు ముక్కలు చేస్తుంది, లేదా ఒకే బండ స్వరంగా రాసేస్తుంది. జారుడును చూపే 'పిచ్ బెండ్' సదుపాయం మిడిలో ఉంది, బేసిక్ పిచ్ దాన్ని కొంత పట్టుకుంటుంది కూడా. అయినా అచ్చు గుద్దినట్టు రాదు. తాళం లేకుండా తీరిగ్గా పాడిన లాలిపాటైతే లయ గీతలూ పక్కకు జరుగుతాయి. వాటిని చేత్తో సరిచేసుకోవాల్సిందే.

కాబట్టి స్వరాల చీటీని కంప్యూటర్‌తో రాయించుకోండి. దాన్ని ముందు పెట్టుకుని, క్యాసెట్టు వింటూ సాధన చేయించండి. ఏ మెట్టు నొక్కాలో చీటీ చెబుతుంది, ఎక్కడ ఊగాలో అమ్మమ్మ గొంతే చెప్పాలి. మిడి చేతికొచ్చింది కదా అని క్యాసెట్టును మాత్రం పారేయకండి!