గడ్డ, గాంఠ్, నోడ్

భిలాయి-3లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. పిల్లవాడి మెడ పక్కన ఉబ్బు కనిపించింది. అమ్మ దాన్ని 'గడ్డ' అంటుంది. పక్కింటి హిందీ ఆవిడ 'గాంఠ్' అంటుంది. డాక్టరు చీటీ మీద 'లింఫ్ నోడ్' వాచిందని రాస్తారు. ఇవి మూడు వేర్వేరు జబ్బులా? కావు. మూడు భాషలూ చేసినది ఒకే పని: ఆకారాన్ని చూసి పేరు పెట్టడం.

గాంఠ్ అంటే ముడి. లాటిన్‌లో 'నోడస్' అన్నా ముడే. నోడ్ అందులోంచి వచ్చింది. 'చిన్న ముడి' అనే అర్థంలో నాడ్యూల్ పుట్టింది. చెరకు గడ మీది కణుపు కూడా నోడే. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల మీద నత్రజనిని స్థాపించే బ్యాక్టీరియా నివసించే బుడిపెలు నాడ్యూల్స్. గ్లాండ్‌కు మనం వాడే 'గ్రంథి' అనే సంస్కృత పదానికి కూడా అసలు అర్థం ముడే. గ్లాండ్ మాత్రం ఓక్ చెట్టు కాయకు లాటిన్ పేరైన 'గ్లాన్స్' నుంచి వచ్చింది.

అమ్మ అన్న 'గడ్డ'కు లాటిన్‌లో సరిజోడు 'ట్యూబర్'. తెలంగాణలో ఆలుగడ్డ అన్నట్టే, ఇంగ్లీషులో బంగాళాదుంపను ట్యూబర్ అంటారు. అది నేలలో ఉబ్బిన కాండం, దాని 'కళ్లు' మొగ్గలు. ఉల్లిగడ్డ మాత్రం ట్యూబర్ కాదు, బల్బ్. అందులో ఉబ్బినవి ఆకుల మొదళ్లు. 'చిన్న ట్యూబర్' అనడానికి లాటిన్ మాట ట్యూబర్‌క్యులమ్. క్షయరోగుల ఊపిరితిత్తుల్లో కనిపించిన చిన్న బుడిపెలను బట్టి ఆ జబ్బుకు ట్యూబర్‌క్యులోసిస్ అని పేరు పెట్టారు. పేరు ముందే వచ్చింది. కారణమైన బ్యాక్టీరియాను కనుగొన్నట్టు రాబర్ట్ కాక్ ప్రకటించినది ఆ తర్వాత, 1882 మార్చి 24న.

ఇక అందరినీ భయపెట్టే 'ట్యూమర్'. లాటిన్‌లో 'ట్యూమెరే' అంటే ఉబ్బడం, అంతే. సుమారు 2,000 ఏళ్ల కిందట రోమన్ రచయిత సెల్సస్ ఇన్‌ఫ్లమేషన్‌కు నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. అందులో వాపుకు ఆయన వాడిన మాట ట్యూమరే. నేడు కణాలు అదుపు తప్పి పెరగగా ఏర్పడిన కణితిని ట్యూమర్ అంటున్నారు. అయినా ట్యూమర్లన్నీ క్యాన్సర్ కావు. ఇతర అవయవాలకు పాకని బెనైన్ కణితులు కూడా ఉన్నాయి.

కాబట్టి చీటీలో ఈ మాటలు కనబడగానే బెంబేలు పడకండి. అలాగని 'గడ్డే కదా' అని వదిలేయకండి. మెడలో గడ్డ మామూలు గొంతునొప్పితో రావచ్చు, క్షయతో రావచ్చు, కొందరిలో క్యాన్సర్‌తోనూ రావచ్చు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. అవసరమైతే సన్నటి సూదితో కణాలు తీసి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. పేరు ఆకారాన్నే చెబుతుంది, కారణాన్ని పరీక్షే తేల్చాలి.