మీకు తెలుసా? కారు మీది పుప్పొడిని పొడిగుడ్డతో తుడవకూడదు!

అమెరికాలోని అట్లాంటాలో మార్చి నెలాఖరుకల్లా కార్లన్నీ పసుపు పూసినట్టు కనిపిస్తాయి. అదంతా చాలావరకు పైన్ చెట్ల పుప్పొడే. 2025 మార్చి 29న అక్కడ ఘనపు మీటరు గాలిలో 14,801 పుప్పొడి రేణువులు నమోదయ్యాయి. ఆ నగరానికి అది రికార్డు!

• పైన్ రేణువుకు రెండు గాలితిత్తులుంటాయి. అందుకే గాలివాటున చాలా దూరం తేలిపోతుంది.

• పొడిగుడ్డతో రుద్దితే పుప్పొడి, దానితో కలిసిన దుమ్ము కలిసి పెయింటు పైనున్న పారదర్శక పూత (క్లియర్‌కోట్) మీద సన్నని గీతలు పెడతాయి.

• చిరుజల్లు పడితే శుభ్రమైపోదు. తడిసిన పుప్పొడి నుంచి జిగురులాంటి పెక్టిన్ ఊరి, ఎండకు ఆరి మరకగా అంటుకుంటుంది.

• ముందు పైనుంచి కిందికి ధారాళంగా నీళ్లు కొట్టాలి. ఆ తర్వాతే నీడలో కార్ షాంపూతో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దాలి. గిన్నెలు తోమే సబ్బు వద్దు. అది వ్యాక్స్ పూతను వదలగొడుతుంది.

• వైపర్ల కింది సందులనూ, ఏసీ క్యాబిన్ ఫిల్టర్‌నూ మరవొద్దు.

• కంటికి కనిపించే పసుపు పైన్‌దే అయినా, తుమ్ములు తెప్పించేవి ఎక్కువగా ఓక్, బర్చ్ లాంటి చెట్ల సన్నని రేణువులు.