పే స్లిప్ లేకున్నా హోమ్ లోన్!

మీకు తెలుసా? గోల్నాకలో ఇడ్లీ బండి నడిపే మనిషి కూడా హోమ్ లోన్ అడగొచ్చు! పే స్లిప్ ఉండదు. ఐటీ రిటర్న్ ఉండదు. అయినా సరే! చిన్న ఇళ్లకు అప్పులిచ్చే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు తమ ఆఫీసర్‌ని నేరుగా బండి దగ్గరికే పంపుతాయి. ఆయన పొద్దున్నే వచ్చి ఓ పక్కన నిలబడతాడు. ప్లేట్లు లెక్కపెడతాడు! మినప్పప్పు నెలకు ఎన్ని కిలోలు? గ్యాస్ బండ ఎన్నాళ్లొస్తుంది? పిల్లల ఫీజులెంత? చిట్టీ ఏమైనా కడుతున్నారా? అన్నీ రాసుకుంటాడు. పక్కనున్న కిరాణా షాపాయన్ని కూడా కదుపుతాడు! రోజుకు 150 ప్లేట్లు పోతున్నాయనుకోండి. ఖర్చులన్నీ తీసేయగా మిగిలిందే మీ జీతం. ఆ లెక్క మీదే లోన్!

ఓయూ క్యాంపస్ దగ్గరి జిరాక్స్ షాపుల్లో యూపీఐ స్కానర్ చూశారుగా? అది సాక్షి! రెండు రూపాయల జిరాక్స్ కూడా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎక్కుతుంది. అలా 12 నెలలు ఎక్కితే చాలు, మీ వ్యాపారం ఎంతో కాగితమే చెబుతుంది! గల్లాలో పడిన నగదు కూడా తెచ్చి ఖాతాలో వేస్తూ ఉండండి. ఇంట్లో దాచిన నోటు ఎవరికీ కనబడదు!

ఇంకోటి వినండి! మీ ఆదాయం ఎంతో మీరే రాసిచ్చే అఫిడవిట్‌ని సర్కారే ఒప్పుకుంది! 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, వడ్డీ సబ్సిడీ కోసం పేద కుటుంబాలకు అప్పట్లో అదే ఆదాయ రుజువుగా ఉండేది. లోన్ ఇవ్వాలా వద్దా అనే లెక్క మాత్రం బ్యాంకుదే.

అప్పు ఇచ్చినవాళ్లకు నష్టమొస్తే కొంత భరించే నిధి కూడా ఉంది! తక్కువ ఆదాయ కుటుంబాల ఇంటి లోన్ల కోసమే పెట్టారు. దాన్ని 3,000 కోట్లకు పెంచుతున్నట్టు 2024లో కేంద్రం ప్రకటించింది. మీ బాకీ మాత్రం మాఫీ కాదు సుమా!

మరి ఏ రుజువూ అడక్కుండానే లోన్ ఇస్తే? అమెరికాలో ఇచ్చారు! జీతం ఎంతో నోటితో చెబితే చాలన్నారు. వాటికి ‘అబద్ధాల లోన్లు’ అనే పేరు పడింది! ఇళ్ల లోన్లు కుప్పకూలాయి. 2008లో లేమాన్ బ్రదర్స్ అంతటి పెట్టుబడి బ్యాంకే దివాలా తీసింది! ఇప్పుడక్కడ తీర్చే స్తోమత చూడకుండా హోమ్ లోన్ ఇవ్వకూడదు. సొంత వ్యాపారం చేసుకునే మన తెలుగువాళ్లు కూడా అక్కడ ట్యాక్స్ రిటర్నులో, ఏడాది, రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లో పట్టుకెళ్లాల్సిందే. గోల్నాకలో ప్లేట్లు లెక్కపెట్టే ఆ ఆఫీసర్ మీకు మేలే చేస్తున్నాడు!

‘కాగితాలు మేం సెట్ చేస్తాం’ అనే ఏజెంటు తగిలాడా? పరుగెత్తండి! దొంగ పే స్లిప్‌తో లోన్ తీసుకుంటే అది మోసం. శిక్ష 7 ఏళ్ల దాకా పడొచ్చు!

తార్నాకలో ట్యూషన్లు చెప్పే మాస్టారూ, మీకో మాట! రిటర్న్ వేస్తే ట్యాక్స్ పడుతుందని భయమా? 2025-26 నుంచి కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం వరకు పన్ను సున్నా! గడువులోగా వేయండి. పైసా కట్టకుండానే బ్యాంకు నమ్మే కాగితం చేతికొస్తుంది!

ఆ కాగితం విలువెంతో తెలుసా? రుజువు తక్కువైతే వడ్డీ ఎక్కువ పడుతుంది. 15 లక్షల లోన్, 15 ఏళ్ల గడువు అనుకోండి. 9 శాతానికి దొరికితే ఒక లెక్క. 13 శాతం పడితే మొత్తం మీద 6.78 లక్షలు అదనం! మన బస్తీల్లో ఎందరో ఈ తేడా తెలియకుండానే కట్టేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

దానికీ దారుంది! ముందు దొరికినచోట లోన్ తీసుకోండి. రెండు మూడేళ్లు రిటర్నులు వేయండి. కిస్తీలు తప్పకండి. తర్వాత తక్కువ వడ్డీ బ్యాంకుకు మార్చేయండి! సొంతింటి కోసం తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌ని ముందే తీర్చేస్తే, రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం జరిమానా 0! ఫిక్స్‌డ్ వడ్డీకి ఆ హామీ లేదు. అందుకే సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘సార్, ఇది ఫ్లోటింగా, ఫిక్స్‌డా?’