వెన్నుపాము గాయపడినప్పుడు

వెన్నెముక నడుమ చిటికెనవ్రేలి లావున, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున నుండు వెన్నుపాము, చెట్టుపైనుండి పడుటచేతనో, వాహనప్రమాదముచేతనో నలిగినప్పుడు, అందలి వినాశము ఆ క్షణముతోనే ఆగక, తరువాతి గంటలలోను దినములలోను విస్తరించుచుండును. చిట్లిన సూక్ష్మరక్తనాళములనుండి నెత్తురు స్రవించును. వాపు పుట్టి, ఎముకగోడల నడుమ చోటు చాలక, నాడీకణములకు ప్రాణవాయువు అందనీయదు. సామాన్యముగ కణములనడుమ వార్తలు మోయు గ్లూటమేట్ అను రసాయనమే మితిమీరి పొంగి, అంతవరకు క్షేమముగనున్న పొరుగుకణములను సైతము చంపివేయును.

గాయమునకు దిగువ అవయవములు తొలుత సడలిపోయి, మోకాటిచిప్ప క్రింద తట్టినను చలింపవు. కొన్ని వారములకు అవే కాళ్లు బిగుసుకొని, దుప్పటి తగిలినంతనే ఎగిరిపడును. అది చూచి ఇంటివారు ఎంతో ఆశపడుదురు. కాని, అయ్యో, అది మెదడు పంపిన ఆజ్ఞ కాదు, పైనుండి అదుపు తప్పిన వెన్నుపాము తనంత తాను చేయు ప్రతిక్రియ.

పిదప నక్షత్రాకారకణములు గాయముచుట్టును చేరి మచ్చ కట్టును. తెగిన తంతువుల దారికి అడ్డుపడుచున్నదని దీనిని నిందించుట వాడుకయైనను, మిగిలిన కణజాలమును కాపాడునదియు అదియే గనుక, దానిని కేవలము శత్రువనుట న్యాయము కాదని నా తలంపు.

1981లో మాంట్రియల్ నగరమున శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో అను శాస్త్రజ్ఞులు, ఎలుకల కాలినరపు తునకను వెన్నుపామునకు అతికింపగా, పెరుగజాలవని తలపబడిన తంతువులు ఆ తునక వెంబడి సుమారు 3 సెంటీమీటర్లు పెరిగినవి. లోపము తంతువులయందుకంటె వాటి పరిసరములయందే హెచ్చుగ నున్నదని దానితో తేలినది.