అనంత సమూహములలో పరిమితత్వము

పూర్ణముకంటె భాగము చిన్నదనుట మనమందరమును నమ్ము మాట. ఉమ్మడి కుటుంబపు ఆస్తుల జాబితా ఒక కాగితముమీద ఇమిడినచో, అందులో ఒక్క పాలివాని వాటాను వ్రాయుటకు అంతకంటె పెద్ద కాగితము కావలెనని ఎవరును అనరు. కాని గణితశాస్త్రములో ఈ నమ్మకము చెల్లని తావొకటి కలదు. అచ్చట పూర్ణమును రెండు మాటలలో చెప్పవచ్చును. అందలి భాగమును చెప్పుటకు ఎన్ని కాగితములైనను చాలవు. ఆ తావు అనంత సమూహ సిద్ధాంతము. నల్లబల్ల లేకుండ రేడియోలో గణితము చెప్పుట ఎట్లని మిత్రులు మమ్ము అడుగుచుందురు. ఈ విషయమునకు నల్లబల్ల అక్కరలేదు. ఒక బాటసారి చాలును.

ముందు సమూహమనగా ఏమో చూతము. కొన్ని పనులున్నవనుకొందము. ఒకదాని వెనుక ఒకటి చేయగా వచ్చు ఫలితము కూడ ఆ పనులలో ఒకటి కావలెను. ప్రతి పనికిని దానిని రద్దుచేయు పని ఉండవలెను. ఏమియు చేయకుండుటను కూడ ఒక పనిగా లెక్కింపవలెను. ఇట్టి పనుల కూటమినే గణితజ్ఞులు సమూహమందురు. గడియారపు చిన్నముల్లును గంట చొప్పున త్రిప్పుట ఇట్టిదే. పండ్రెండు మార్లు త్రిప్పగా మొదటికి వచ్చును గనుక అందు 12 పనులే కలవు. అది పరిమిత సమూహము.

ఇక బాటసారి మాట. అతడు నిలిచిన చోట నాలుగు దారులు కలవు: తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము. ఏ దారిని ఒక అడుగు వేసినను మరల నాలుగు దారుల కూడలియే ఎదురగును. వేసిన అడుగును వెంటనే వెనుకకు వేసినచో ఆ రెండును చెల్లిపోవును. అంతకు మించి ఏ నియమమును లేదు. మన వీధులలో తూర్పునకు పోయి ఉత్తరమునకు తిరిగినను, ఉత్తరమునకు పోయి తూర్పునకు తిరిగినను ఒక్కచోటికే చేరవచ్చును. ఇచ్చట అట్లు కాదు. చెట్టు కొమ్మలవలె ఒకసారి విడిపోయిన దారులు మరల కలియవు. ఇట్టి నడకలన్నియు చేరి ఒక సమూహమగును. దానిని స్వేచ్ఛా సమూహమందురు. నడకలకు అంతు లేదు. కాని వానిని పుట్టించునవి రెండే: తూర్పు అడుగు, ఉత్తరపు అడుగు. తక్కిన రెండును వాని రద్దులే. ఇట్లు అన్నిటిని పుట్టించు పనులకు జనకములని పేరు.

ఇపుడు ఆ నడకలలో కొన్నిటిని ఏరుదము. తూర్పు అడుగును జమగను, పడమర అడుగును ఖర్చుగను వ్రాసి, ఉత్తర దక్షిణములను లెక్కలోనికి తీసికొనక, తుదకు నిలువ సున్న అయిన నడకలను మాత్రము ఉంచుదము. అట్టివి రెండు కలిపినను నిలువ సున్నయే; ఒకదానిని రద్దుచేసినను సున్నయే. కనుక ఇదియు ఒక సమూహమే, పెద్దదానిలోని ఉపసమూహము. దీనికి జనకములెన్ని?

ఒకరు వంద నడకల పట్టిక తెచ్చి ఇవి చాలుననిరనుకొందము. ఆ నడకలలో ఏదియు, నడుమ ఎప్పుడును, నిలువ వేయిని దాటలేదనుకొందము. పట్టిక పరిమితము గనుక ఇట్టి హద్దు ఏదో ఒకటి తప్పక ఉండును. ప్రతి నడకయు సున్నతో మొదలై సున్నతో ముగియును గనుక, వానిని ఎట్లు కూర్చినను నిలువ వేయిని దాటదు. కూర్చునప్పుడు కొన్ని అడుగులు చెల్లిపోవునుగాని, మిగిలిన అడుగులు ఏ నిలువయందు వేయబడినవో ఆ నిలువ మారదు. మరి వేయిన్నొక్క అడుగులు తూర్పునకు పోయి, ఒక అడుగు ఉత్తరమునకు వేసి, తిరిగి వేయిన్నొక్క అడుగులు పడమరకు వేసిన నడక మాటయేమి? దాని నిలువ సున్నయే, అది ఉపసమూహములోనిదే, కాని ఆ పట్టికనుండి పుట్టదు. హద్దును లక్షకు పెంచినను, దానిపై ఇంకొక అడుగు మనలను వెక్కిరించుచునే ఉండును. రెండే జనకములుగల సమూహములో, జనకములకు అంతులేని ఉపసమూహము దాగియున్నదన్నమాట.

నియమమును కొంచెము సడలించినచో అంతు మరల వచ్చును. నిలువ సున్న కానక్కరలేదు, గడియారమువలె 12 చేత భాగింపబడిన చాలునందము. అపుడు 13 జనకములు సరిపోవును. తూర్పునకు పండ్రెండు అడుగుల నడక ఒకటి. సున్న మొదలు పదునొకండు వరకు ఏదో ఒక నిలువకు పోయి, ఉత్తరమునకు ఒక అడుగు వేసి, పోయినన్ని అడుగులు పడమరకు వేయు నడకలు పండ్రెండు. ఒట్టో ష్రయర్ 1927లో ప్రకటించిన సూత్రము ఈ లెక్కనే చెప్పును. పాఠకులు 12కు బదులు 2 తీసికొని, మూడు జనకములను తామే వ్రాసి చూడవచ్చును.

స్వేచ్ఛా సమూహములకు మరియొక సుగుణము కలదు. పరిమిత జనకములుగల రెండు ఉపసమూహములకు ఉమ్మడియైన భాగమునకును జనకములు పరిమితమేయని 1954లో హౌసన్ నిరూపించెను. ఆ సంఖ్యకు హన్నా నోయ్‌మాన్ 1957లో ఊహించిన హద్దును 2011లో జోయెల్ ఫ్రీడ్‌మన్, ఇగోర్ మినియేవ్ వేరువేరుగా నిరూపించిరి.

ఇపుడు ఇద్దరు బాటసారులను తీసికొందము. ఒకరి నడక మరియొకరికి అడ్డురాదు. కాని పద్దు ఉమ్మడి. ఇద్దరి నిలువల మొత్తము సున్న కావలెను. ఒక్కనికే అంతులేని జనకములు కావలసివచ్చినవి గదా, ఇద్దరికి ఇంకెన్ని యని భయపడుదుము. మూడే చాలును! మొదటివాడు తూర్పునకు అడుగు వేయునప్పుడే రెండవవాడు పడమరకు వేయుట ఒకటి. మొదటివాని ఉత్తరపు అడుగు ఒకటి. రెండవవాని ఉత్తరపు అడుగు ఒకటి. మొదటివాడు వేయి అడుగులు తూర్పునకు పోవలెనన్నచో రెండవవాడు వేయి అప్పు భరించును. మొదటివాడు ఉత్తరమునకు అడుగు వేసి పడమరకు మరలి వేయి అడుగులు వేయునప్పటికి ఆ అప్పు తీరును. రెండవవాడు బయలుదేరిన చోటనే ఉండును.

అయినను చిక్కు తీరలేదు. ఒక మెట్టు పైకి ఎక్కినది. జనకములు మూడే, కాని ఏ కూర్పులు సమానములో చెప్పు నియమములకు అంతు లేదు. మొదటివాడు ఒక నిలువయందును, రెండవవాడు మరియొక నిలువయందును వేసిన ఉత్తరపు అడుగులలో ఏది ముందైనను ఫలితమొక్కటే. ఈ సంగతిని ప్రతి దూరమునకును వేరుగా వ్రాసికొనవలసినదే. ముగ్గురు బాటసారులైనచో నియమములును పరిమితమగును. ఆ నియమముల నడుమనున్న సంబంధములు మాత్రము అంతులేనివగును. జాన్ స్టాలింగ్స్ ఇట్టి సమూహమును 1963లో చూపెను. బాటసారుల సంఖ్య ఎంత పెంచినను ఇదే వరుస సాగునని రాబర్ట్ బీరి తరువాత తెలిపెను. బాటసారి చేరినకొలది అనంతము ఒక మెట్టు పైకి జరుగును గాని తొలగదు.

ఇదంతయు పండితుల వినోదమేనా? కాదు. రెండు స్వేచ్ఛా సమూహముల జంటలో, పరిమిత జనకములుగల ఒక విచిత్రమైన ఉపసమూహమును సోవియట్ దేశపు మిఖైలోవా 1958లో ప్రకటించెను. ఇచ్చిన నడకల జంట దానికి చెందునో లేదో ప్రతిసారియు తేల్చిచెప్పగల యాంత్రిక పద్ధతి ఏదియు లేదు. ఇంతవరకు ఎవరికిని దొరకలేదని కాదు. అట్టిది ఉండజాలదని నిరూపింపబడినది. ఎంతటి గణనయంత్రమైనను ఇచ్చట అశక్తమే.

ఉమ్మడి ఆస్తి జాబితాతో మొదలుపెట్టితిమి. ఆ వాటాకు అంతుగల పట్టిక దొరకుటయే దుర్లభమని మొదటి బాటసారి తెలిపెను. పట్టిక చేతిలో ఉన్నను, ఈ వస్తువు ఆ వాటాలోనిదేనా అను తగవును అది తీర్చగలదని నమ్మరాదని మిఖైలోవా తెలిపెను.