నింద పడిన బ్యాటరీ

నరసరావుపేట మొదలు మాచర్ల దాక, పిడుగురాళ్ళ సున్నపుదుమ్ములో తిరిగిన పాత అంబాసిడరు కారు (2014లో దాని తయారీయే నిలిచిపోయినది) ఒక్కొక్కప్పుడు వింతగా ప్రవర్తించును. దీపములు వెలిగించినచో హారను మూగవోవును; తాళము త్రిప్పినచో ఇంజను కదలక, వెలుగుచున్న దీపములు కూడ మినుకుమనును. యజమాని క్రొత్త బ్యాటరీ కొనును. పాపము, దోషము తరచుగా దానిది కాదు! ఎర్తుతీగె ఇనుపచట్రమును కలియుచోట త్రుప్పు పట్టియుండును. విద్యుత్తు బ్యాటరీకి మరలి చేరు త్రోవ ఆ చట్రమే కదా! స్టార్టరుకై 100 ఆంపియర్లు పారునపుడు అచటి 1/20 ఓము నిరోధమే 5 వోల్టులను హరించును. విద్యుత్తు పారనపుడు ఈ నష్టము కనబడదు. మీటరు నిండుగా 12 చూపును. కావున స్టార్టరు తిరుగుచుండగనే, బ్యాటరీ ఎర్తు ధ్రువమునకును చట్రమునకును నడుమ కొలువవలెను. ముల్లు అరవోల్టు దాటెనా, విప్పి గీకవలసినది ఆ బోల్టునే.