డుమస్ రోడ్డు మీద దిగాల్సిన స్టాపు

ఆదివారం సాయంత్రం సూరత్‌లోని లింబాయత్, డిండోలి, పర్వత్ పాటియాల నుంచి డుమస్ తీరానికి వెళ్లేవాళ్లలో మన తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు. నల్ల ఇసుక, దరియా గణేశ్ గుడి, ఒడ్డున వేడివేడి టమాటా భజియాలు. చక్రాల్లా కోసిన టమాటా ముక్కల మీద పచ్చ చట్నీ దట్టంగా పట్టించి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసే సంసారానికి సూరత్‌లో చవగ్గా దొరికే ఆటవిడుపు ఇదే.

ఆ వైపు వెళ్తుంటే రెండు పెద్ద చదువుల చోట్లు తగులుతాయి. ఉధ్నా-మగ్దల్లా రోడ్డు మీద వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. డుమస్ రోడ్డు మీద ఇచ్ఛానాథ్ దగ్గర సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ, అందరి నోటా ఎస్‌వీఎన్‌ఐటీ. బస్సు అక్కడికి రాగానే పిల్లల భుజం తట్టి గేటు చూపించే తల్లులున్నారు. "బాగా చదివితే ఇందులో సీటొస్తది" అంటారు. ఆ గేటు లోపల తమకు కూడా పనుంటుందని మాత్రం వాళ్లకు తోచదు. నాకూ చాలా ఏళ్లు తోచలేదు.

మా నాన్న సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి, ఇంకాస్త కూలి గిట్టుతుందని సూరత్ వచ్చినవాడు. నేను ఇక్కడి నగరపాలిక తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. సూరత్ నగరపాలిక ఏడు భాషల్లో బడులు నడుపుతుంది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్. ఊళ్లో ఎవరెవరు పనిచేస్తున్నారో తెలుసుకోవడానికి ఆ వరస ఒక్కటి చాలు. బడి నుంచి బయటపడ్డాక సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. పేపరు లోపలి పేజీల్లో చిన్నచిన్న అక్షరాలతో వేసే "నేటి కార్యక్రమాలు" చదవడం అలవాటైంది. పొద్దుపోక మొదలైన పనే. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లను కూడా లాక్కెళ్తున్నాను.

యూనివర్సిటీలో జరిగే బహిరంగ కార్యక్రమాలన్నీ ఒక రకం కావు. కొన్ని పేరుకే బహిరంగం. స్నాతకోత్సవం అలాంటిది. 2024 ఫిబ్రవరి 12న ఎస్‌వీఎన్‌ఐటీ స్నాతకోత్సవానికి రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చారు. ఇలాంటి రోజున పాసు లేకుండా వెళ్లే ఆలోచనే వద్దు, టీవీలో చూడటం మేలు. సెమినార్లది ఇంకో దారి. రెండు రోజులు జరుగుతాయి, రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, ఒక సంచీ, రాసుకునే ప్యాడు, భోజనం కూపను ఇస్తారు. ఫీజు పత్రాలు చదివేవాళ్లకే తప్ప, వెనక కూర్చుని వినేవాళ్లను అడగటం నేనైతే చూడలేదు. భోజనం దగ్గర మాత్రం కూపను అడుగుతారు, అది న్యాయమే.

అసలైన బహిరంగ సభ స్మారకోపన్యాసం. ఎవరో ఒక పెద్దమనిషి పేరు మీద వాళ్ల వాళ్లో శిష్యులో కొంత డబ్బు డిపాజిట్ చేస్తారు. దాని వడ్డీతో ఏటా ఒక వక్తను పిలుస్తారు. రైలు ఖర్చులు, శాలువా, గౌరవ పారితోషికం, వీలైతే ఆ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా వేయడం, అన్నీ అందులోంచే. దాత కోరిక ఊళ్లోవాళ్లు వినాలనే. అందుకే ఆహ్వాన పత్రం అడుగున "అందరూ ఆహ్వానితులే" అని ఉంటుంది. ఆ ఒక్క పంక్తి మన ప్రవేశపత్రం. నేను దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటాను. ఒక క్యాంపస్ గేటు దగ్గర, పేరెందుకులెండి, "ఎవర్ని కలవాలి బెన్?" అని ఆపేస్తే అదే చూపించి లోపలికి వెళ్లాను.

ఈ పద్ధతికి మన దగ్గరా మంచి చరిత్ర ఉంది. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న రోజుల్లో, 1933 డిసెంబరులో, రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చి 'మ్యాన్' పేరుతో ఉపన్యాసాలిచ్చారు. తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. హైదరాబాద్ నాంపల్లిలో 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం సంగతి అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. సాయంత్రమైతే పుస్తకావిష్కరణో సన్మానమో సంస్మరణ సభో ఉంటుంది. పబ్లిక్ గార్డెన్‌లో నడవడానికి వచ్చినాయన కాసేపు కూర్చుని లేచిపోతే అడిగే నాథుడు లేడు. సభలు మరీ ఎక్కువై, వేదిక మీద ఉన్నవాళ్లే కింద కూడా ఉన్నారని విసుక్కునేవాళ్లున్నారు గానీ, తలుపు తీసి ఉంచడం గొప్ప సంగతే.

సూరత్ యూనివర్సిటీ 1965 నాటిది. 2004లో దాని పేరు ముందు వీర్ నర్మద్ చేరాడు. నర్మద్ అంటే కవి నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833 ఆగస్టు 24న సూరత్‌లోనే పుట్టాడు. బడిపంతులు ఉద్యోగం వదిలేసి, ఇక కలాన్నే నమ్ముకుంటానని 1858లో ఒట్టు పెట్టుకున్నాడు. వితంతు వివాహాల కోసం పోట్లాడాడు, 'దాండియో' అనే పత్రిక నడిపాడు, ఏళ్ల తరబడి ఒంటి చేత్తో కూర్చిన నిఘంటువు 'నర్మకోశ్'ను 1873లో అచ్చువేశాడు. అప్పులపాలై, చివరికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి మళ్లీ ఉద్యోగంలో చేరాడు. ఆయన పుట్టినరోజును గుజరాతీ భాషా దినంగా జరుపుతారు. మన గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినం, సరిగ్గా అయిదు రోజుల తర్వాత 29న. మా బడిలో గిడుగు రోజున పిల్లలకు నర్మద్ కథ కూడా చెప్పేదాన్ని. ఈ ఊరి కూడు తింటూ ఈ ఊరి కవిని ఎరగకపోతే ఎట్లా అని. గోపీపురాలో ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఇంతవరకు చెప్పినవన్నీ చూస్తే మంచిది, చూడకపోతే నష్టం లేదు. ఒక్క రకం సభకు మాత్రం మనం పోయి తీరాలి. అది మన గురించి జరిగే సభ.

నర్మద్ యూనివర్సిటీ ఆవరణలోనే సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. సామాజిక శాస్త్రవేత్త ఐ.పి. దేశాయ్ 1969లో దీన్ని మొదలుపెట్టారు. ఆయన పేరు మీద స్మారకోపన్యాసాలు జరుగుతుంటాయి. 'అర్థాత్' అని గుజరాతీలో ఒక పత్రిక కూడా వేస్తారు, ఇంగ్లిష్ రానివాళ్లకు కూడా పరిశోధన అందాలని. వాళ్లు పట్టించుకునే విషయాలు చూడండి: మురికివాడలు, వలస కూలీలు, మగ్గాల కార్ఖానాలు, ఆదివాసీలు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చిందన్నప్పుడు ఇక్కడి పనివాళ్లు దొరికిన రైలెక్కి ఊళ్లకు పారిపోయారు. తర్వాతి ఏడాది నగరపాలిక కమిషనర్‌గా వచ్చిన మన సూర్యదేవర రామచంద్రరావు, ఎస్.ఆర్. రావుగా అందరికీ తెలిసినాయన, ఊరిని కడిగి ఆరేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్లేగు మీద, దానికి దారి తీసిన చెత్తా మురుగూ మీద పరిశోధకుడు ఘన్‌శ్యామ్ షా పుస్తకం రాశారు. దక్షిణ గుజరాత్ కూలీల మీద నెదర్లాండ్స్ పండితుడు యాన్ బ్రెమన్ దశాబ్దాలు పనిచేశారు. అంటే మన బతుకు లైబ్రరీ అరల్లోకి ఎక్కి చాలాకాలమైంది. దాని మీద పత్రాలు చదువుతుండగా వినేవాళ్లలో మాత్రం మనవాళ్లు కనపడరు.

ఒక సెమినార్లో, ఫలానా చోట అని చెప్పను, ఒక పరిశోధక విద్యార్థి మా పేటలాంటి పేట గురించి పత్రం చదివాడు. మంచి పిల్లవాడు, కష్టపడి తిరిగాడు. తెర మీద పట్టికలో కుటుంబానికి ఎందరు సంపాదిస్తున్నారో ఉంది. చాలా ఇళ్లకు "ఒకరు" అని రాసుంది. నేను లేచాను. నా గుజరాతీ బడిలో నేర్చింది కాదు, బజారులో నేర్చింది. అయినా అడిగాను: "భాయ్, మీరు పగటిపూట వెళ్లినప్పుడు గడప దగ్గర చీర పరుచుకుని తళుకు టీకీలు అతికిస్తున్న ఆడమనిషి మీకు కనపడలేదా? చీరకింత అని ఆమెకు డబ్బులొస్తాయి. ఆమెను ఎందులో లెక్కేశారు?" హాలు కాసేపు కదలలేదు. ఆ అబ్బాయి పట్టిక వైపు చూసి, "ఇంటిపని కింద రాసుకున్నాను బెన్" అన్నాడు. అధ్యక్షత వహిస్తున్న ఆవిడ నవ్వి, ఆ సంగతి రాసుకోమని అతనికి చెప్పింది. టీ దగ్గర అతను నన్ను వెతుక్కుంటూ వచ్చి, చీరకు ఎంతిస్తారు, సరుకు ఎవరు తెచ్చిస్తారు, పాడైతే ఎవరు భరిస్తారు అని చాలాసేపు అడిగాడు. తర్వాత మా వీధికి వచ్చాడు. ఈసారి గడప దగ్గరే కూర్చున్నాడు.

పీహెచ్‌డీ వైవాలది ఇంకో ముచ్చట. థీసిస్ సమర్పించిన విద్యార్థిని తలుపు మూసుకుని ప్రశ్నించడం కుదరదు. 2022 వరకు అమల్లో ఉన్న 2016 యూజీసీ నిబంధనల్లో వైవాకు శాఖ అధ్యాపకులు, ఇతర పరిశోధకులు, ఆ విషయంలో ఆసక్తి ఉన్న నిపుణులు రావచ్చని ఉండేది. "నిపుణులు" అన్న మాట చూసి మనం వెనకాడేవాళ్లం. ముప్పై ఏళ్లు సాంచె నడిపినవాడు మరమగ్గం మీద వచ్చిన థీసిస్‌కు నిపుణుడు కాకపోతే ఇంకెవరు? ముందుగా శాఖాధిపతిని అడిగి వెళ్లడం మర్యాద.

ఎస్‌వీఎన్‌ఐటీ పిల్లల సందడి వేరు. 1961లో పెట్టిన ఈ కాలేజీ, అంతకు రెండేళ్ల ముందు నెహ్రూ శంకుస్థాపన చేసిన మన వరంగల్ ఆర్‌ఈసీ ఒకే వరసలోవి. రెండూ 2002లో ఎన్‌ఐటీలయ్యాయి. వరంగల్‌లో టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ ఎలాగో ఇక్కడ మైండ్‌బెండ్, స్పర్శ్ అలాగ. ఒకటి యంత్రాల పండగ, రెండోది ఆటపాటల పండగ. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవాళ్లకే కాబట్టి ఇక్కడా తెలుగు పిల్లలు తగులుతారు. "ఆంటీ, మీరిక్కడ తెలుగువాళ్లా!" అని గుంటూరు పిల్ల ఒకతి ఎగిరి గంతేసింది. సూరత్‌లో తెలుగు బడి ఉందంటే నమ్మలేదు. ఆ పిల్ల ఉండే హాస్టల్‌కూ మా పేటకూ మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది నర్మద్ యూనివర్సిటీ యువక మహోత్సవం. దేశంలోని విశ్వవిద్యాలయాల సంఘం నడిపించే యువజనోత్సవాలకు కాలేజీ పిల్లలు ఇక్కడి నుంచే మెట్లెక్కుతారు. ముందు యూనివర్సిటీలో, గెలిస్తే పశ్చిమ మండలంలో, అక్కడా గెలిస్తే జాతీయ స్థాయిలో. సంగీతం, నాట్యం, సాహిత్యం, నాటకం, చిత్రకళ అని అయిదు విభాగాలు. అంతా గడియారం ప్రకారం. ఏకాంకికకు ముప్పై నిమిషాలు, స్కిట్‌కు పది, మూకాభినయానికీ మిమిక్రీకీ అయిదేసి. మిమిక్రీ నియమాల్లో సినిమావాళ్ల గొంతులతోపాటు యంత్రాల చప్పుళ్లు కూడా చేయొచ్చని ఉంటుంది.

ఆ నియమాన్ని పట్టుకున్నాడు మా బడిలో చదివిన కుర్రాడొకడు. వేదిక ఎక్కి, నటుల జోలికి పోకుండా, సాంచె మొదలుపెట్టాడు. ముందు మోటారు మూలుగు, బెల్టు పట్టుకోవడం, నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు, ఒకటి, పది, ఇరవై సాంచెలు కలిసి షెడ్డంతా మోగడం. మైకును గొంతుకు ఆనించి, అరచేత్తో ఛాతీ మీద దరువు వేస్తూ చేశాడు. మధ్యలో పేక తెగింది. చప్పుడు టక్కున ఆగి, పక్క సాంచెలు మాత్రం దూరంగా మోగుతున్నాయి. వెనక వరసల్లో ఈలలే ఈలలు. ముందు వరసలోని న్యాయనిర్ణేతల్లో ఒకాయన పక్కాయన్ని ఏదో అడుగుతున్నాడు, బహుశా ఇది రైలా అని.

కుర్రాడి నాన్నను ఆ రోజు నేనే బలవంతంగా తీసుకెళ్లాను. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మానుకుని వచ్చినాయన గేటు దగ్గర చెప్పులు విప్పబోతే వద్దని ఆపాను. ప్రదర్శన అయ్యాక కొడుకు పరుగెత్తుకొచ్చి నిలబడ్డాడు.

"ఎట్లున్నది బాపూ?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అంత మంచిగనే ఉన్నది గని, పేక తెగితె సాంచె గట్ల టక్కున ఆగది బిడ్డా. ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగుతది." నా వైపు తిరిగి, "మార్కులేసెటోళ్లకు గీ ముచ్చట చెప్పాలెనా టీచరమ్మా?" అని అడిగాడు.

"ఇప్పుడు వద్దన్నా," అన్నాను. "రెండు మార్కులు తగ్గిస్తారు."